మూడో వాల్వు

జూన్ 15, 2025

రేపు పొద్దున పది గంటలకు గడియారం పరుగు మొదలు. అరవై రోజులు. మధ్యలో ఆగకూడదు, దారి తప్పకూడదు. తప్పితే ఎందుకు తప్పిందో నిమిషాలతో సహా చెప్పగలగాలి. అలా నిలబడితే బెంగళూరు సంస్థలో నాకు శాశ్వత ఉద్యోగం. అక్కడ మా పై అధికారి వసంతకుమార్ సార్ స్వయంగా అన్న మాట: "ఇళవరసీ, నీ పేరు రాసిపెట్టాను. నువ్వు గడియారాన్ని నిలబెట్టు, చాలు." ఆయన అన్నది తమిళంలో. ఇక్కడ ఎవరు తమిళంలో ఏమన్నా నేను తెలుగులోనే రాసుకుంటాను.

తెలుగులో రాస్తే చదివే నాథుడు లేడు, అందుకు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అక్షరాలు ఎవరికీ రావు. నాకు వచ్చాయంటే, అమ్మానాన్నలు కుప్పం దగ్గర రాళ్ల పనికి పోయిన ఐదేళ్లు అక్కడి బళ్లో వేశారు కాబట్టి. ఆరో క్లాసుకు ధర్మపురి వచ్చాం. మొదటి రోజే టీచరు నన్ను చూసి "కదవ మూడు" అంది. తలుపు మూసెయ్ అని. తమిళంలో మూడు అంటే ముయ్యి. నాకేం తెలుసు? లేచి నిలబడి, "మూడు లేవు టీచర్, ఒకటే తలుపు" అన్నాను. క్లాసంతా విరగబడి నవ్వారు. సంవత్సరం పొడుగునా నా పేరు 'మూడు'. కొందరికి 'గొల్టి', తెలుగువాళ్లను వెక్కిరించే మాట. అప్పటినుంచి గడప దాటితే తెలుగు మాట్లాడను. ఒట్టు పెట్టుకోలేదు, నోరే అలా అలవాటు పడింది.

జూన్ 16. మొదటి రోజు

పది గంటల నాలుగు నిమిషాలకు మొదలైంది. బెంగళూరులో దీని కవల గడియారం ఉంది. రెండింటి మధ్య హైవే వెంబడి కేబుల్. అక్కడా ఇక్కడా ఒకే కాలం నడుస్తోందా అని వారానికోసారి, శుక్రవారం, వాళ్లు పోల్చి చూస్తారు.

అమ్మకు ఫోన్లో ఫోటో చూపించాను.

"ముల్లు యాడే?" అంది.

"ముల్లు లేదమ్మా. వెలుతురే ముల్లు."

పచ్చ లేజరు వెలుతురు మనం లెక్కపెట్టలేనంత వేగంగా ఊగుతుందనీ, ఆ ఊపు మారకుండా గాజు గొట్టంలోని అయోడిన్ ఆవిరి పట్టుకుంటుందనీ చెప్పాను. రంగు ఇసుమంత జరిగినా అయోడిన్ అణువులకు తెలిసిపోతుంది. ఆ వేగాన్ని మన యంత్రాలు లెక్కపెట్టేలా దించడానికి ఇంకో లేజరు. దానికి సమాన దూరంలో లక్షల పళ్లు. దువ్వెన అనే పిలుస్తాం.

అమ్మ అంతా విని, "అయోడిన్ గాయానికి పూసేది కదా? గడియారానికి ఏం దెబ్బ తగిలినాది?" అంది. మళ్లీ తనే, "మందంటావు, దువ్వెనంటావు, అది గడియారమా, సెలూనా?" అని ఒకటే నవ్వు. మా అమ్మ మాదమ్మాళ్ అంటే మాదమ్మాళే.

జూన్ 19. 4వ రోజు

ఈ షెడ్డులో మేం ఇద్దరమే. పట్టుపురుగులు పెంచిన పాత షెడ్డు, నల్లంపల్లి బయట, లారీల అదురు తగలనంత దూరంలో. నేను ఇంజనీరును. మునియన్ మామ మిగతా అంతా: కాపలా, తుడుపు, నీళ్ల పైపులు, జనరేటరు. అమ్మ సొంత తమ్ముడు. ముప్పయ్యేళ్లు మేస్త్రి పని చేశాడు. గడియారం పెట్టిన దిమ్మె ఆయనే కట్టాడు. బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు లేజరు మట్టం పెట్టి కొలిస్తే, మామ నీళ్ల ట్యూబుతో చూసిన మట్టంలో వెంట్రుకవాసి తేడా లేదు. సార్ అప్పుడే ఆయన్ను పనిలో పెట్టుకున్నారు. నాకు మామ అని సార్‌కు తెలియదు, నేను చెప్పలేదు.

చుట్టాన్ని చేర్చుకుందనే మాట రాకూడదు. మామకు మొదటి రోజే చెప్పాను: షెడ్డులో మామా లేదు, పాపా లేదు. తెలుగు అసలే వద్దు. నేను మేడం, నువ్వు మునియన్.

"సరే మేడం," అన్నాడు మామ, తమిళంలో. వెంటనే నవ్వాడు. నేను నవ్వలేదు. నాలుగు రోజులుగా ఒక్కసారి కూడా తప్పలేదు ఆయన.

జూన్ 27. 12వ రోజు

పన్ను. కింది దవడ, ఎడమ వైపు.

జూలై 3. 18వ రోజు

దువ్వెన పళ్లన్నీ చక్కగా ఉన్నాయి. నాదే ఒకటి పుచ్చింది. రాగి ముద్ద మింగేదే కానీ నమిలేది కాదు కాబట్టి బతికిపోయాను.

రెండో వాల్వు మెడ దగ్గర చెమ్మ. అయోడిన్ గొట్టం కింది కొసను గడ్డకట్టే చలిలో ఉంచాలి. ఆ చల్లబరిచే పరికరం వేడిని లాక్కుపోయే నీళ్లు రెండో వాల్వు గుండా పోతాయి. మూడోది దానికి మారుదారి. రెండు కారితే ముందు మూడు తెరవాలి, తర్వాత రెండు మూసెయ్యాలి. మామకు చెప్పాను. తల ఊపాడు. గోడ మీద కాగితం ఇంగ్లీషులో ఉంది. మామ తమిళం కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు రాదు. తమిళంలో రాసి అంటించాలి. రేపు.

జూలై 5. 20వ రోజు

తమిళ కాగితం రాయలేదు. పన్ను.

జూలై 8. 23వ రోజు. మధ్యాహ్నం

పీకించేశాను. ఇక భరించలేకపోయాను. తొమ్మిదికి షెడ్డుకు వెళ్లి సంతకం పెట్టి, మామకు అప్పగించి, పదకొండు బస్సుకు ధర్మపురి. డ్యూటీ వేళలో వెళ్లకూడదు, తెలుసు. రెండు గంటల పనే కదా.

పీకాక డాక్టరమ్మ ఇంత దూది కుక్కి "వాయ మూడు, ఒరు మణి నేరం" అంది. గంటసేపు నోరు ముయ్యమని. బస్సులో కూర్చున్నానో లేదో మామ ఫోను. నియమం ప్రకారం తమిళంలోనే: "మేడం, రెండో వాల్వు దగ్గర నీళ్లు కారుతున్నాయి. ఏం చెయ్యమంటారు?" నాలుక మొద్దు, దవడ మొద్దు. దూది పక్కనుంచి ఒక్క మాట అతికష్టం మీద వచ్చింది. "మూడు" అన్నాను. "సరే మేడం" అని పెట్టేశాడు. తెలివైనవాడు మామ, ఒక్క మాట చాలు.

ఇల్లు చేరి మాత్ర వేసుకున్నాను. కాసేపు పడుకుని వెళ్తాను.

అదే రోజు. సాయంత్రం ఆరు

ఐదుకు లేచాను. ఫోన్లో పదకొండు హెచ్చరికలు.

పరుగెత్తి వెళ్లేసరికి రెండో వాల్వు మూసి ఉంది. మూడు తెరవలేదు. నీళ్లు లేక చల్లబరిచే పరికరం తనంతట తాను ఆగిపోయింది. అయోడిన్ కొస గది వేడికి వచ్చేసింది. మూడు తెరిచాను. మళ్లీ చల్లబడుతోంది. అంతా సర్దుకుంటుంది.

ఎందుకలా చేశాడో. ముందు మూడు తెరవమని చెప్పాను కదా.

లాగ్‌బుక్‌లో 'తొమ్మిది నుంచి ఐదు దాకా అంతా సవ్యం' అని రాసి సంతకం పెట్టాను. మామను ఏమీ అడగలేదు. అడగడానికేముంది? గేటు దగ్గర ఆయనే అడిగాడు, గుసగుసగా, తెలుగులో: "నొప్పి తగ్గినాదా?" నేను కళ్లెర్రజేశాను. ఊరుకున్నాడు.

జూలై 9. 24వ రోజు

ఏమీ జరగలేదు.

జూలై 10. 25వ రోజు

ఏమీ జరగలేదు.

జూలై 11. 26వ రోజు. శుక్రవారం

మూడున్నరకు సార్ ఫోను. "మంగళవారం పన్నెండూ ఇరవై నుంచి ఐదు దాటేదాకా నీ గడియారం పక్కకు నడిచింది. మొత్తం సెకనులో పది లక్షల వంతుల్లో రెండు వంతులు. అయోడిన్ వేడెక్కినట్టుంది. నీ లాగ్‌లో 'సవ్యం' అని ఉంది. ఏం జరిగింది?"

పది లక్షల వంతుల్లో రెండు. రెప్పపాటులో రవ్వంత కాదు అది. ఏ మనిషికీ తెలియదు. తెలిసేలా చెయ్యడానికే కదా రెండేళ్లుగా ఈ దువ్వెన పళ్లు సరిచేస్తూ కూర్చున్నాను. నా గడియారమే నన్ను పట్టిచ్చింది.

"చూసి చెప్తాను సార్" అన్నాను.

"కారణం తెలిస్తే ఆ ఐదు గంటలు కోసేసి మిగతాది ఉంచుకుంటాం. తెలియకపోతే గడియారం మీదే అనుమానం. పరుగు మొత్తం చెత్తబుట్టకు. రేపటికి చెప్పు."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను, గంటసేపు. మామ టీ తెచ్చి బల్ల మీద పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్లాడు.

జూలై 12. 27వ రోజు

చెప్పాను. రెండో వాల్వు కారింది, మూసేశారు, మూడోది తెరవలేదు.

"ఎవరు మూశారు?"

"మునియన్ సార్."

"నువ్వు లేవా?"

"గదిలో ఉన్నాను సార్. డేటా చూస్తున్నాను."

"ముయ్యమని నువ్వు చెప్పావా?"

"లేదు సార్."

అది నిజమే. ముయ్యమని నేను చెప్పలేదు. మూడు అని చెప్పాను. ఇది అబద్ధం కాదు. ఒకటికి పదిసార్లు ఆలోచించాను, అబద్ధం కాదు.

గుమ్మంలో నిలబడి నా మాటలు వింటున్న మామను కూడా సార్ ఫోన్లో అడిగారు. పక్కనే నిలబడి విన్నాను. "నేనే మూశాను సార్" అన్నాడు మామ. ఎవరు చెప్పారంటే, నా వైపు చూడకుండా, "ఎవరూ చెప్పలేదు సార్, నీళ్లు కారుతుంటే చెయ్యి ఊరుకోలేదు" అన్నాడు. నేను పన్ను కోసం పోయింది బయటపడకూడదని. నేనేమీ ఆయన్ను అలా చెప్పమనలేదు. ఆయనే చెప్పాడు. నేను అడ్డుపడి ఉంటే ఆయన్నే అబద్ధాలకోరును చేసినట్టయ్యేది.

జూలై 13. ఆదివారం

'త్రీ' అన్నానేమో. ల్యాబులో అంకెలు ఎప్పుడూ ఇంగ్లీషులోనే కదా చెప్తాను. 'త్రీ' అంటే మామకు వినపడి ఉండదు, బస్సు హోరు. అప్పుడు తప్పు బస్సుది.

అదే రోజు, తర్వాత

కొళాయి దగ్గర దవడలో ఇంత దూది పెట్టుకుని 'త్రీ' అనడానికి ప్రయత్నించాను. రాదు. నాలుక పళ్లకు తగలాలి. 'మూడు' వస్తుంది, పెదాలతో పని అయిపోతుంది.

ఎనిమిదో తేదీ పేజీ తీసి చూశాను. 'మూడు అన్నాను' అని నా చేతిరాతే. ఆ పేజీ చింపేస్తే? ఎవరికీ తెలియదు. ఉన్నా ఎవరికీ తెలియదు. చదవగలిగేది నేనొక్కదాన్నే.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నాది పెదవి దాటి వాల్వు దగ్గర ఆగింది.

జూలై 14. 29వ రోజు

సార్ బుధవారం వస్తున్నారు. మామను తీసేస్తారు. ఇంగ్లీషులో వాంగ్మూలం రాసి ఉంచమన్నారు, మామ సంతకం పెట్టడానికి. రాయాల్సింది నేను.

రాశాను. పదకొండు వాక్యాలు. అన్నీ నిజమైన వాక్యాలే.

సంతకం అయితే పరుగు నిలబడుతుంది, నా పేరూ నిలబడుతుంది. మామకు మేస్త్రి పని ఎక్కడైనా దొరుకుతుంది. ఆయనకు చేతిలో విద్య ఉంది. నాకున్నది ఈ ఒక్క గడియారం. తర్వాత, ఉద్యోగం వచ్చాక, ఆయన్ను చూసుకుంటాను. తప్పకుండా చూసుకుంటాను.

జూలై 15. 30వ రోజు

మామ పొద్దున సెలవు పెట్టాడు. పారిపోయాడనుకున్నాను. పారిపోతే బాగుండు అనుకున్నాను. ఎంత పాపిష్టిదాన్నో నాకే తెలుస్తోంది, అయినా అనుకున్నాను.

మధ్యాహ్నం ఇంటికి తిండికి వెళ్తే అమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తకుండా, "నీ మామ పెద్దాసుపత్రికి పోయినాడు" అంది.

"ఏమైంది?"

"చెవులు చూపిచ్చుకొనేకి. నాల్గు దినాలుగా అదే మాట. 'అక్కా, నాకు ఒకటి చెప్తే ఇంగొకటి వినపడతా ఉండాది' అని. ఎవురో వానికి ఏందో చెప్పిరంట, వీడు ఏందో విన్నాడంట. ఎవురు, ఏంది అంటే చెప్పడు. నీకేమన్నా తెలుసా?"

"తెలియదు."

"డాక్టరు మిషన్ పెట్టి చూసి, చెవులు బాగుండాయి, చిన్నబిడ్డ చెవులు అన్నాడంట. దానికి సంతోషపడల్ల కదా? 'అట్లయితే తప్పు చెవుల్లో లేదక్కా, తలకాయలో ఉండాది' అని గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ముప్పై ఏండ్లు మట్టం తప్పనోడు. ఈ పొద్దు నీళ్ల బిందె పెట్టేదానికి కూడా, సరిగా పెట్టినానా అక్కా అని నన్ను అడగతాడు."

అన్నం ముందు కూర్చున్నాను. తినలేదు. అమ్మ నా పళ్లెం చూసి, "పల్లు పోయిన చోట ఇంగా నొస్తా ఉండాదా?" అంది. అవునన్నాను.

నేను మామ ఉద్యోగమే తీస్తున్నాననుకున్నాను. ఆయన దగ్గర నుంచి ఆయన చెవుల్నే తీసేశాను. తన చెయ్యి చేసిన పనిని తనే నమ్మలేని మనిషిని చేశాను. ఆయన నన్ను కాపాడుతున్నాడని కూడా అనుకున్నాను కదా, నిజం తెలిసీ ఊరుకున్నాడని. ఆయనకు తెలియదు. తప్పు తనదేనని నిజంగా నమ్ముతున్నాడు.

అదే రోజు, పొద్దుగూకే వేళ

రేపు పొద్దున్నే మామకు చెప్పేస్తాను. సంతకం అయ్యాక చెప్తాను. సంతకానికి ముందు చెప్తాను.

జూలై 16. 31వ రోజు

వివరంగా రాసుకోవాలి. వరసగా.

సార్ పదకొండుకు వచ్చారు. గడియారం చూశారు, దిమ్మె చూశారు, మూడు వాల్వులూ చూశారు. మెత్తగానే మాట్లాడారు మామతో. కాగితం బల్ల మీద పెట్టి, ఇందులో ఏముందో తమిళంలో చెప్పారు. మామ చేతులు కట్టుకుని విన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు, పెళ్లికి వేసుకునేది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. పొద్దున చెప్పలేదు మామకు. ఇద్దరం బండి మీద వస్తుంటే నోరు తెరిచాను, ఎదురు గాలి, మూసేశాను.

సార్ కలం ఇచ్చారు. మామ తీసుకుని, సార్ వైపు కాకుండా నా వైపు తిరిగాడు. నెల రోజుల్లో మొదటిసారి, ఆ షెడ్డులో, సార్ ముందు, తెలుగులో అడిగాడు:

"పాపా, నేను సంతకం పెడతాను, దానికేం లేదు. ఒకటే చెప్పు. ఆ పొద్దు ఫోన్లో నువ్వు 'మూడు' అంటివా, అనలేదా? నా చెవిలో ఇప్పుటికీ ఉండాది ఆ మాట. ముయ్యమంటివనే మూస్తిని. అది నువ్వు అననే లేదంటే చెప్పేయి పాపా. అట్లయితే నాకు పిచ్చి పట్టినాదని అనుకొని ఇంట్లో పడుంటాను."

సార్‌కు తెలుగు రాదు. ఫోన్ అనే మాట వరకు అర్థమైనట్టుంది. "ఏమంటున్నాడు? ఏ భాష అది?" అన్నారు.

నేను ఇంగ్లీషులో, మామకు తెలియకుండా, "ఎక్కడ సంతకం పెట్టాలని అడుగుతున్నాడు సార్" అన్నాను.

అన్నాను. రాసుకోవాలి ఇది. అన్నాను.

సార్ వేలితో చోటు చూపించారు. మామ ఒక్క క్షణం నన్నే చూశాడు, జవాబు కోసం. రాలేదు. వంగాడు. తమిళంలో సంతకం ఆయనకు బొమ్మ గీసినట్టు, ఒక్కో అక్షరం ఊపిరి బిగబట్టి గీస్తాడు. 'ము' అయింది. 'ని' మొదలుపెట్టాడు.

"మామా, ఆగు."

నా గొంతే. సార్ తల తిప్పారు. మామ కలం ఎత్తలేదు, అలాగే వంగి ఉన్నాడు.

"అన్నాను మామా. 'మూడు' అన్నాను. నీ చెవులు బాగానే ఉన్నాయి. నేనన్నది తమిళ మూడు కాదు, మన మూడు. మూడోది తెరువు అని."

మామ నిటారుగా లేచాడు. నోరు కొంచెం తెరుచుకుంది.

తర్వాత సార్‌తో చెప్పాను. సంచిలోంచి ఈ నోటుబుక్కు తీసి, ఎనిమిదో తేదీ పేజీ వేలు పెట్టి చదువుతూ వాక్యం వాక్యం తమిళంలో చెప్పాను. డ్యూటీ వదిలి పన్ను పీకించుకోవడానికి పోయింది. దూది. ఫోను. ఆ ఒక్క మాట. మాత్ర వేసుకుని నిద్రపోయింది. అంతా సవ్యమని రాసిన సంతకం. మామ నా మేనమామ అన్నది కూడా. ఈ నోటుబుక్కు ఎవరూ చదవలేరని రాసుకున్నాను. నేనే గట్టిగా చదివాను.

సార్ ఆ పేజీ తన వైపు తిప్పుకుని చూశారు, చదవలేని అక్షరాల్ని. "ఫోను వచ్చిన సమయం నీ ఫోన్లో ఉందా?" అన్నారు. చూపించాను. పన్నెండూ పద్దెనిమిది. గడియారం పక్కకు నడవడం మొదలైన దానికి రెండు నిమిషాల ముందు.

"అయితే ఆ ఐదు గంటలు శుభ్రంగా కోసెయ్యొచ్చు. గడియారం నిలబడింది," అన్నారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు. "నువ్వు నిలబడలేదు ఇళవరసీ. పన్ను నొప్పి తప్పు కాదు. మాట తప్పుగా వెళ్లడమూ తప్పు కాదు. 'సవ్యం' అని రాశావే, అది. కాలాన్ని చూసుకునే పనికి అది పనికిరాదు."

"తెలుసు సార్."

శుక్రవారం నుంచి అరివళగన్ అనే ఇంజనీరు వస్తాడు. అప్పగించి వెళ్లాలి. మామ ఉంటాడు. "దిమ్మె కట్టినవాడు ఉండాలి" అన్నారు సార్.

ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఆకలి వేసింది. ఎనిమిది రోజుల తర్వాత ఆకలి.

ఇది కూడా రాయాలి. సార్ కారు వెళ్లిపోయాక మామ మెట్ల మీద కూర్చున్నాడు. నేను తిడతాడనుకుని నిలబడ్డాను. తిట్టాలి కూడా. ఆయన కుడి చెవి, ఎడమ చెవి, రెండూ ఒకసారి తడుముకుని పకపకా నవ్వాడు.

"తెలుగు మూడా! అయ్యో సామీ, తెలుగు మూడా!"

"నన్ను తిట్టు మామా."

"తిడతాను, ఇంటికి పోయినాక మీ అమ్మ ముందర తిడతాను. అప్పుడే కదా పూర్తిగా తగుల్తాది." నవ్వు ఆగాక నేల వంక చూస్తూ అన్నాడు: "నువ్వు తమిళంలోనే మాట్లాడల్ల అంటివి. నేను తమిళంలోనే అడిగితిని. నువ్వు తమిళంలోనే చెప్పినావు అనుకొంటిని. నా తప్పేముండాది దాంట్లో?"

"ఏమీ లేదు మామా."

"ముందర ఒక్కసారి 'మామా' అనింటే తెలిసిపోయుండు పాపా. 'మామా, మూడు' అనింటే చాలు. మామా అని పిలిచినాక అది తమిళం ఎట్లవుతుంది? ఇంటి మాట అని తెలిసిపోయుండు."

వెళ్లి ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

జూలై 18. 33వ రోజు

అరివళగన్‌కు అప్పగించాను. మంచివాడే. వాల్వుల కాగితం తమిళంలో రాసి గోడకు అంటించాను, వెళ్లే ముందు. చివరి పని అది. రెండు నిమిషాలు పట్టింది.

జూలై 20

అమ్మకు చెప్పాను. అమ్మ నాతో మాట్లాడటం లేదు. పళ్లెం మాత్రం నా ముందు పెడుతోంది.

జూలై 27

అమ్మ ఇవాళ మాట్లాడింది. "తింటావా, తినవా?" అంది. తింటానన్నాను.

ఆగస్టు 3. ఆదివారం. ఆడి పదునెట్టు

గడియారానికి ఇవాళ నలభై తొమ్మిదో రోజు. ఇంట్లో కూర్చుని లెక్కపెడుతున్నాను, పని లేనిదాన్ని. పొద్దున నుంచి ఊరంతా హొగెనకల్ బస్సులెక్కింది, ఆడి నెల పద్దెనిమిదో రోజు కావేరి స్నానాలకు. అమ్మ కూడా. అరివళగన్ కూడా మామకు అప్పగించి రెండు గంటల్లో వస్తానని వెళ్లాడట. రెండు గంటల పనే కదా అన్నాడట.

ఇది నాకెలా తెలిసిందంటే, పదకొండున్నరకు ఫోను మోగింది. మామ.

"పాపా, రెండో దాని మెడ మళ్లీ కారతా ఉండాది. కొత్త సార్ ఫోను తగల్లేదు, ఏట్లో ఉంటాడు."

"గోడ మీద కాగితం చూడు మామా."

"చూస్తిని. తెలుసు నాకు, కంఠతా ఉండాది. అయినా నువ్వు చెప్పు, వింటాను." వెనక నీళ్ల చప్పుడు వినపడుతోంది. "ఏం జెయ్యాల?"

నా నోట్లో దూది లేదు. ఎదుట సార్ లేరు. ఇంట్లో నేనొక్కదాన్నే.

"మామా," అన్నాను. ముందు అదే అన్నాను. "మూడు."

చక్రం తిరిగే కిర్రుమనే చప్పుడు, తర్వాత పైపులో నీళ్లు ఉరికిన చప్పుడు.

"తెరిచినా పాపా."

రెండోది మూసేదాకా ఫోను పెట్టలేదు.